యుద్ధానికి సమ్మతి ఎవరు ఇవ్వాలి? 1939లో మద్రాసు శాసనసభ వేసిన ప్రశ్న

చెన్నైలో అన్నా సాలై మీద రోజూ తిరిగే తెలుగువాళ్ళకు రాజాజీ హాలు అనగానే గుర్తొచ్చేది నాయకుల చివరి చూపు. ఎంజీఆర్, జయలలిత, కరుణానిధి పార్థివ దేహాలను జనం చూసింది అక్కడే. ఆ విశాలమైన మెట్ల ముందు నిలబడి తలెత్తి చూస్తే పైన ముక్కోణపు గోడ మీద విజయ చిహ్నాలు కనిపిస్తాయి. భవనానికి ఒక వైపున్నవి 1757 నాటి ప్లాసీ యుద్ధానికి గుర్తు. రెండో వైపున్నవి 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను మీద సాధించిన గెలుపుకు గుర్తు. ఈస్టిండియా కంపెనీ తన యుద్ధ విజయాలను తలుచుకుంటూ విందులు చేసుకోవడానికి కట్టించుకున్న భవనం అది.

1938 జనవరి నుంచి 1939 అక్టోబరు దాకా మద్రాసు శాసనసభ సమావేశమైంది ఆ విందుల భవనంలోనే. 1939 అక్టోబరు చివరి వారంలో ప్రధానమంత్రి చక్రవర్తుల రాజగోపాలాచారి (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలాగే పిలిచేవారు) యుద్ధం మీద తీర్మానం తెచ్చిందీ అక్కడే. సభాపతి పీఠం మీద ఉన్నది తెలుగువాడు, మహర్షిగా పేరుపొందిన బులుసు సాంబమూర్తి. మంత్రివర్గంలో రెవెన్యూ టంగుటూరి ప్రకాశం పంతులుది, పరిశ్రమలు, కార్మిక శాఖలు వి.వి. గిరివి, స్థానిక పాలన బెజవాడ గోపాలరెడ్డిది. అందుకే ఈ చర్చ తెలుగువాళ్ళకు ఎక్కడో ఢిల్లీలో జరిగిన సంగతి కాదు. తీర్మానం నెగ్గింది, కొద్ది రోజుల్లోనే మంత్రివర్గం గద్దె దిగింది. ఆ తర్వాత ఆరున్నరేళ్ళ పాటు మద్రాసు రాష్ట్రంలో ఎన్నికైన ప్రభుత్వం లేదు.

ఆ సభ ఏం అడిగిందో అర్థం కావాలంటే ముందు యుద్ధం భారతదేశంలోకి ఎలా వచ్చిందో చూడాలి. 1939 ఆగస్టులోనే, యుద్ధం ఇంకా మొదలుకాకుండానే, భారత సేనలను ఈజిప్టుకు, ఏడెన్‌కు, సింగపూర్‌కు పంపించారు. కేంద్ర శాసనసభను ఒక్క మాట అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ తన సభ్యులను తర్వాతి సమావేశాలకు వెళ్ళవద్దంది. సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో రేడియోలో మాట్లాడాడు, భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే అయిపోయింది. ఏ సభా కూర్చోలేదు, ఎవరూ ఓటు వేయలేదు. వెంటనే భారత రక్షణ ఆర్డినెన్స్ వచ్చింది. బ్రిటిష్ పార్లమెంటు 1935 భారత ప్రభుత్వ చట్టాన్ని సవరించి, యుద్ధకాలంలో రాష్ట్ర ప్రభుత్వాలకు నేరుగా ఆదేశాలిచ్చే అధికారాన్ని కేంద్రానికి కట్టబెట్టింది.

అదే సామ్రాజ్యంలో మరికొన్ని దేశాలు ఏం చేశాయో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దక్షిణాఫ్రికా పార్లమెంటు ఈ విషయం మీద రెండుగా చీలింది. తటస్థంగా ఉందామన్న ప్రధాని హెర్ట్‌జోగ్ తనకు 67, ఎదుటివాళ్ళకు 80 ఓట్లు పడగా ఓడి పదవి కోల్పోయాడు, యుద్ధంలోకి వెళ్దామన్న స్మట్స్ ప్రధాని అయ్యాడు. కెనడా పార్లమెంటు చర్చించి, బ్రిటన్ ప్రకటించిన వారం తర్వాత, సెప్టెంబరు 10న తన తరఫున తాను యుద్ధం ప్రకటించుకుంది. ఐర్లండ్ అసలు యుద్ధంలోకే రానంది. యుద్ధం ముగిసేలోగా దాదాపు 25 లక్షల మంది సైనికులను ఇచ్చిన భారతదేశానికి మాత్రం ఆ అవకాశం రాలేదు.

భారతీయుల అనుమతి లేకుండా భారతీయుల డబ్బు యుద్ధానికి వాడటం 1939లో పుట్టిన జబ్బు కాదు. 1858 భారత ప్రభుత్వ చట్టంలో ఒక నిబంధన ఉండేది. దండయాత్రను తిప్పికొట్టడం లాంటి అత్యవసరాలు మినహా, భారత సరిహద్దులకు అవతల జరిగే సైనిక చర్యలకు భారత ఖజానా సొమ్ము వాడాలంటే పార్లమెంటు ఉభయ సభల సమ్మతి కావాలి. ఆ పార్లమెంటు లండన్‌లో ఉంది. అంటే సమ్మతి ఉండాలన్న సూత్రాన్ని పాలకులు ఒప్పుకున్నారు, ఆ సమ్మతి ఇవ్వాల్సింది మాత్రం డబ్బు కట్టేవాళ్ళు కాదన్నారు. 1935 చట్టం రాష్ట్రాలకు స్వపరిపాలన ఇచ్చినప్పుడు కూడా రక్షణ శాఖను గవర్నర్ జనరల్ చేతిలోనే ఉంచింది.

ఈ నేపథ్యంలో మద్రాసు సభ ముందుకు వచ్చిన తీర్మానాన్ని చాలామంది యుద్ధ వ్యతిరేక తీర్మానమని అనుకుంటారు. నిదానంగా చదివితే అది అలా ఉండదు. కాంగ్రెస్ పాలనలో ఉన్న మిగతా రాష్ట్రాల సభల్లోనూ దాదాపు ఇదే పాఠం పెట్టారు. అందులో మొదటి మాట విచారం. భారత ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని యుద్ధంలో భాగస్వామిని చేసినందుకు, రాష్ట్ర ప్రభుత్వాల అధికారాలను కుదించినందుకు సభ విచారిస్తోందని. రెండో మాట షరతు. భారత ప్రజల సహకారం కావాలంటే, ఏ ప్రజాస్వామ్యం కోసం ఈ యుద్ధం చేస్తున్నామంటున్నారో ఆ ప్రజాస్వామ్య సూత్రాలను ఇక్కడ కూడా అమలు చేయాలి, తన రాజ్యాంగాన్ని తానే రాసుకునే స్వతంత్ర దేశంగా భారత్‌ను గుర్తించాలి, అందులో ఇప్పటికిప్పుడు వీలైనంత మేరకు చేతల్లో చూపాలి. చివరి మాట మళ్ళీ విచారం. అక్టోబరు 17న వైస్రాయ్ చేసిన ప్రకటనలో యుద్ధం తర్వాత చర్చలు, ఒక సలహా సంఘం తప్ప మరేమీ లేవు. బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడి పరిస్థితిని సరిగా అర్థం చేసుకోలేదని సభ అంది.

ఇందులో ఖండన లేదు. జర్మనీ మీద సానుభూతి అంతకన్నా లేదు. సెప్టెంబరు 14న కాంగ్రెస్ కార్యవర్గం చేసిన ప్రకటన నాజీలను తీవ్రంగానే దుయ్యబట్టింది. తెలుగులో విచారించడం వేరు, గర్హించడం వేరు, ఖండించడం వేరు. పెళ్ళికి పిలవని బంధువు ‘మాకు కబురు రాలేదు’ అన్నప్పుడు ఆ పెళ్ళి వద్దని కాదు, మమ్మల్ని మనుషుల్లో లెక్కేయలేదని. మద్రాసు తీర్మానం స్వరం అదే. తలుపు మూయకుండా, గడప దగ్గర నిలబడి జవాబు అడిగింది.

అదే సమయంలో ఆ తీర్మానం సభలో ఉన్న అందరి మాటా కాదన్నది మరిచిపోకూడదు. 1937 ఎన్నికల్లో 215 స్థానాలకు 159 గెలిచిన కాంగ్రెస్‌కు అది నెగ్గించుకోవడం కష్టం కాలేదు. బయట జస్టిస్ పార్టీ యుద్ధంలో బ్రిటన్‌కు మద్దతుగా నిలిచింది. కాంగ్రెస్ మంత్రివర్గాలు పోయినందుకు ముస్లిం లీగ్ డిసెంబరు 22న విముక్తి దినం జరిపింది. ‘భారత ప్రజల సమ్మతి’ అని సభ అన్నప్పుడు, ఆ ప్రజల పేరు మీద మాట్లాడే హక్కు ఎవరిదన్న తగువు కూడా అక్కడే ఉంది. ఆనాటి ఓటు హక్కు ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే పరిమితం కూడా. ఇవన్నీ నిజమే. అయినా వైస్రాయ్ ఒక్కడి గొంతుతో పోలిస్తే ఆ సభ గొంతులో ఎంతో ఎక్కువ మంది ఉన్నారు.

ఒక శాసనసభ యుద్ధానికి మద్దతివ్వాలన్నా నిరాకరించాలన్నా దాని చేతిలో ఉండాల్సినవి మనుషులు, డబ్బు, చట్టం. ఈ మూడూ మద్రాసు సభ చేతిలో లేవు. దాని చేతిలో ఉన్నది జిల్లా యంత్రాంగం. కలెక్టరు, తహసీల్దారు, పోలీసు, ధాన్యం ధరల నియంత్రణ, ఊరూరా సైన్యంలో చేరమని చేసే ప్రచారానికి కావలసిన సర్కారు అండ. యుద్ధం ఆకాశంలో నడవదు, ఈ యంత్రం మీదే నడుస్తుంది. కాబట్టి ఈ యంత్రాన్ని మా చేతులతో నడపం అని చెప్పడమే ఆ మంత్రివర్గం దగ్గర మిగిలిన ఒకే ఆయుధం. రాజీనామా చేయమని అక్టోబరు 22న కాంగ్రెస్ కార్యవర్గం వార్ధాలో ఆదేశించింది, నెలాఖరుకల్లా మద్రాసు మంత్రులు రాజీనామా ఇచ్చేశారు.

లెక్క తప్పింది ఇక్కడే. 1935 చట్టంలోని 93వ సెక్షన్ ప్రకారం, రాజ్యాంగ యంత్రాంగం నడవడం లేదని గవర్నరు ప్రకటిస్తే చాలు, మంత్రులకూ సభకూ ఉన్న అధికారాలన్నీ ఆయన చేతికి వచ్చేస్తాయి. చట్టాలు చేసే అధికారం కూడా. గవర్నరు ఎర్స్‌కిన్ ఐసీఎస్ అధికారులను సలహాదారులుగా పెట్టుకుని పాలన సాగించాడు. యంత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. కుర్చీ ఖాళీ చేస్తే బండి ఆగుతుందనుకున్నారు, ఆ బండి తోలడానికి ఇంకొకడు ముందే సిద్ధంగా ఉన్నాడు.

ఆగిపోయినవి వేరే ఉన్నాయి, అవి తెలుగు జిల్లాలకు బాగా తగిలాయి. ప్రకాశం అధ్యక్షతన జమీందారీ ఎస్టేట్ల మీద వేసిన సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం లాంటి సంస్థానాల కింద శిస్తులతో నలిగిన రైతు, భూమికి హక్కుదారు తానేనన్న మాట సర్కారు కాగితం మీద చూసుకున్నది అప్పుడే. బొబ్బిలి రాజానే ఎన్నికల్లో వి.వి. గిరి ఓడించిన కాలం అది. ఆ నివేదిక చట్టంగా మారకముందే మంత్రివర్గం పోయింది. ఎస్టేట్ల రద్దు చట్టం రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధానికి సమ్మతి అడగలేదన్న నిరసనకు శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల జమీందారీ రైతు తొమ్మిదేళ్ళ శిస్తు కట్టాడు. ఆ ధర కట్టమని ఆ రైతును కూడా ఎవరూ అడగలేదు.

అంతకన్నా కష్టమైన పరీక్ష 1942 ఏప్రిల్‌లో వచ్చింది. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి. మర్నాడు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. మద్రాసు నగరం ఖాళీ అయింది. సర్కారు కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలాయి. బాంబు పడి బోనులు విరిగితే ప్రమాదమని జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను పోలీసులతో కాల్పించారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఫిరంగులతో చమురు ట్యాంకులు తగలబెట్టిన జ్ఞాపకం ఆ నగరానికి అప్పటికి ఇంకా తాజాదే. హైకోర్టు ప్రహరీ దగ్గర ఎమ్డెన్ గుండు పడిన చోట పెట్టిన ఫలకం ఇప్పటికీ ఉంది. భయంతో రైళ్ళెక్కుతున్న జనానికి ధైర్యం చెప్పడానికి, ఎవరిని ఎక్కడికి తరలించాలో సభలో నిలదీయడానికి వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వం అప్పుడు లేదు.

ఆ దశలోనే రాజాజీ మనసు మార్చుకున్నారు. 1939లో విచార తీర్మానం తెచ్చిన మనిషే 1942 ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల సమావేశంలో రెండు తీర్మానాలు నెగ్గించారు. దేశ విభజన కావాలన్న ముస్లిం లీగ్ కోరికను సూత్రప్రాయంగా ఒప్పుకుని జాతీయ ప్రభుత్వం కోసం కలిసి నడవాలని, మద్రాసులో లీగ్‌ను కూడా కలుపుకుని మళ్ళీ ప్రజా మంత్రివర్గం ఏర్పరచాలని. అలహాబాదులో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ బాటను తోసిపుచ్చింది. రాజాజీ పార్టీనీ శాసనసభ్యత్వాన్నీ వదులుకున్నారు. సాంబమూర్తి సభాపతి పదవి వదిలి క్విట్ ఇండియా ఉద్యమంలోకి వెళ్ళారు. ఒకే హాలులో ఒకే తీర్మానం నడిపించిన ఇద్దరు మూడేళ్ళలో చెరో దారి పట్టారు.

వీళ్ళలో ఎవరు తప్పు అని తేల్చడం కన్నా, ఇద్దరూ ఒకే లోటును రెండు వైపుల నుంచి చూశారని గుర్తించడం మేలు. సమ్మతి లేని యుద్ధానికి చేయూతనిస్తే బానిసత్వాన్ని ఒప్పుకున్నట్టే అన్నది సాంబమూర్తి దారిలో ఉన్న నిజం. బాంబు పడే వేళ ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం లేకపోవడం అంతకన్నా పెద్ద నిస్సహాయత అన్నది రాజాజీ దారిలో ఉన్న నిజం. ముందే సభను అడిగే పద్ధతి ఉండి ఉంటే ఈ రెండు నిజాలూ ఒకదాన్నొకటి కొట్టుకునే పరిస్థితే రాదు.

అలాంటి పద్ధతి స్వతంత్ర భారతం పెట్టుకుందా? పెట్టుకోలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో యుద్ధం, శాంతి అన్నవి కేంద్ర జాబితాలో ఉన్నాయి. రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిది, అంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గానిది. సైన్యాన్ని సరిహద్దు దాటించే ముందు పార్లమెంటు ఓటు తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. బడ్జెట్‌లో రక్షణ పద్దులు ఓటుకు వస్తాయి నిజమే, అవి వచ్చేసరికి సైన్యం బయలుదేరి చాలా కాలమై ఉంటుంది. విదేశాంగ విషయాల మీద లోక్‌సభలో చర్చలు తరచూ సభా నియమాల్లోని 193వ నిబంధన కింద జరుగుతాయి. ఆ నిబంధన కింద జరిగే చర్చకు చివర్లో ఓటింగ్ ఉండదు.

దీని ఫలితం చెన్నై హార్బర్ చూసింది. 1987 జూలై 29న భారత, శ్రీలంక ఒప్పందం కుదిరింది, మర్నాటి నుంచే భారత శాంతి పరిరక్షక దళం లంకలో దిగింది. శాంతి కాపాడటానికి వెళ్ళిన సైన్యం అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈతో నేరుగా యుద్ధంలో ఉంది. దాదాపు 1,200 మంది భారత సైనికులు అక్కడ చనిపోయారు. 1990 మార్చిలో చివరి దళాలు ఓడల్లో మద్రాసు చేరినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. లంకలో తమిళులను చంపిన సైన్యానికి స్వాగతం పలకలేనన్నది ఆయన వాదన. ఆ నిర్ణయం మీద రాష్ట్రంలోనూ బయటా ఎంతో వేడిగా వాదించుకున్నారు, నేటికీ వాదించుకుంటున్నారు. కానీ ఓడ దిగిన జవాను వైపు నుంచి చూస్తే బాధ వేరు. అతన్ని పంపించాలా అని దేశం ఒక్కసారైనా చేతులెత్తి చెప్పలేదు. తిరిగొచ్చాక అతను చేసిన పని సరైనదా కాదా అని వాదన మొదలుపెట్టింది. ముందు జరగాల్సిన చర్చ వెనక జరిగింది, దాని బరువు నిర్ణయం తీసుకున్నవాళ్ళ మీద కాక ఆదేశం పాటించినవాళ్ళ మీద పడింది.

1991 జనవరిలో గల్ఫ్ యుద్ధానికి వెళ్ళే అమెరికా సైనిక విమానాలకు బొంబాయి, ఆగ్రా, మద్రాసు విమానాశ్రయాల్లో ఇంధనం నింపుకోనిచ్చినప్పుడూ ఇంతే. విషయం పత్రికలకెక్కి గొడవయ్యాక ఫిబ్రవరిలో ఆపేశారు. సభకు ముందుగా చెప్పింది లేదు.

సభ ముందే మాట్లాడిన సందర్భం ఒకటుంది. 2003లో ఇరాక్ మీద అమెరికా దాడి చేసినప్పుడు ఏప్రిల్ 8న లోక్‌సభ ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. ఒక్క మాట దగ్గర రోజుల తరబడి పేచీ నడిచింది. ప్రతిపక్షం ఖండించాలంది, ప్రభుత్వం అంత గట్టి మాట వద్దంది. చివరికి హిందీ పాఠంలో ‘నిందా’ అని, ఇంగ్లీషు పాఠంలో ‘డిప్లోర్’ అని పెట్టి ఒడ్డెక్కారు. మొదటిది ఖండన అని చదువుకోవచ్చు, రెండోది గర్హించడం దగ్గర ఆగుతుంది. ఇది మాటల గారడీ అని తీసిపారేయడం తేలిక. కానీ ఆ తర్వాత ఒక డివిజన్ సైన్యాన్ని ఇరాక్‌కు పంపమని అమెరికా ఒత్తిడి తెచ్చినప్పుడు, సభలో అన్ని పార్టీలూ చేతులెత్తిన ఆ కాగితం ప్రభుత్వం ముందుంది. జూలై 14న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం సైన్యాన్ని పంపడం లేదని తేల్చింది. ఆ నిర్ణయానికి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా సభ ముందుగా నోరు తెరిచిన చోట ప్రభుత్వానికి వద్దని చెప్పడం సులువైంది.

మార్పుకు రాజ్యాంగాన్ని సవరించాల్సిన పని కూడా లేదు. 53వ అధికరణంలోనే సర్వోన్నత ఆధిపత్యపు వినియోగాన్ని చట్టం నియంత్రించాలని రాసి ఉంది. విదేశంలో సైన్యాన్ని దించితే ఇన్ని రోజుల్లోగా ఉభయ సభల ఓటు కావాలని పార్లమెంటు మామూలు చట్టం చేసుకోవచ్చు. దాడి జరిగిన క్షణంలో చర్చలు పెట్టుకుని కూర్చోలేమన్నది సరైన అభ్యంతరమే. దానికి జవాబు కూడా మన రాజ్యాంగంలోనే ఉంది. యుద్ధం పేరుతో 352వ అధికరణం కింద అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే, ప్రభుత్వం వెంటనే అమల్లో పెట్టవచ్చు. కానీ నెలలోగా ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించకపోతే అది రద్దయిపోతుంది, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ మళ్ళీ ఓటు కావాలి. యుద్ధం వల్ల వచ్చే అత్యవసర పరిస్థితికి ఉన్న ఈ గడువు యుద్ధానికి లేదు.

ఆ నెల గడువు 1987లో ఉండి ఉంటే లంకకు సైన్యాన్ని పంపడం మీద పార్లమెంటు ఆగస్టు నెలాఖరుకల్లా ఓటు వేయాల్సి వచ్చేది. ఎల్‌టీటీఈతో పోరు మొదలైంది అక్టోబరులో.